ఆనకట్ట డబ్బు, చివరి బోదె నీళ్లు

ధవళేశ్వరం అనగానే కాటన్ దొరగారు జ్ఞాపకం వస్తారు గదా! ఆ కట్టడానికి డబ్బెట్లా వచ్చినదో కూడా కాస్త తెలుసుకుందాం.

1832-33 నందన కరువులో గుంటూరు సీమలో లెక్కకు మించిన జనం పోయారు. గోదావరి జిల్లాకూ కరువులే. ఆపైన 1839లో కోరంగి ఉప్పెన. పక్కనే గోదావరి సముద్రంలో కలిసిపోతూ ఉండేది. శిస్తు పడిపోయేసరికి కుంపిణీ సర్కారు విచారణ చేయించింది. ప్రజలపై జాలి ఎంతో, ఖజానా బెంగ ఎంతో మీరే ఊహించుకోండి. పెట్టిన సొమ్ము శిస్తు రూపంలో తిరిగి వస్తుందని కాటన్ వాదించి ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. రాయి ధవళేశ్వరం కొండదే. ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు మాత్రం కావేరి మీద మనవాళ్లు ఏనాడో కట్టిన కల్లణై నేర్పినది.

ఆ ఆనకట్ట నీటిని నిలవచేసేది కాదండీ. మట్టం పెంచి కాలువలకు మళ్లించేదే. నిలవచేసే పని తరువాతి తరానికి వచ్చింది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. సర్కారు డబ్బు డ్యామునకు, పెద్ద కాలువలకు ధారాళంగా వచ్చినది. తూము దిగువన బోదెలు తవ్వుకోవడం మాత్రం చాలాకాలం రైతు వంతే అయింది. బోదె లేనిచోట నీరు మడి నుంచి మడికి పారవలసిందే. చివరి మడికి చేరేసరికి ఏముంటుంది? 1974-75లో కేంద్రం ఆయకట్టు అభివృద్ధి పథకం పెట్టినది ఈ లోటు తీర్చడానికే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ఇది ముందే జరగవలసిన పని అని నా అభిప్రాయం.

ఇక లెక్క చూడండి. ఒక క్యూసెక్కు నీరు రాత్రింబవళ్లు పారితే ఇంచుమించు రెండెకరాలలో అడుగు లోతు నిలుస్తుంది. అదే నీరు రెండంగుళాల చొప్పున పెడితే పన్నెండెకరాలు తడుస్తాయి. దారిలో ఇంకిపోయేది వేరు. వరి నాట్లు కుదురుకున్న తరువాత రెండంగుళాలు చాలు. నీరు ఇంకి నేల సన్నగా నెర్రె విడిచేటప్పుడు మళ్లీ పెట్టండి. పొట్ట, పూత దశలలో మాత్రం మడి ఆరనివ్వకండి.