వెనక్కి వాలిన గీత

కాలేజీ కుర్రాళ్ల భాషలో ఎస్కేప్ అంటే క్లాసు ఎగ్గొట్టి జారుకోవడం. ప్రోగ్రామర్ల ఎస్కేపూ అలాంటిదే: ఒక గుర్తు తన డ్యూటీ ఎగ్గొట్టి, మామూలు అక్షరంలా కూర్చుంటుంది. అందుకు సెలవు చీటీ దాని ముందుండే బ్యాక్‌స్లాష్.

నిజానికి ఆ గీత పుట్టింది ఇందుకు కాదు. 1961లో ఐబీఎం ఉద్యోగి బాబ్ బీమర్ దాన్ని ఆస్కీ అనే కంప్యూటర్ అక్షరాల పట్టికలో చేర్పించింది ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం. అందులో ‘మరియు’, ‘లేదా’ అనే అర్థాలిచ్చే గుర్తులను రెండు గీతలు కలిపి /\ అనీ \/ అనీ కొట్టుకోవచ్చని. ఆల్గాల్ మరుగునపడింది, గీత మిగిలింది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన బి భాషలో ఎస్కేప్ పని నక్షత్రం గుర్తు చేసేది. దాని వారసురాలు సి, ఆ పని గీతకు అప్పజెప్పింది.

అన్నాళ్లూ మాటకు అటూ ఇటూ కోట్ గుర్తు పెట్టేదీ, మాట మధ్యలో కోట్ వస్తే ముందో గీత పెట్టి జాగ్రత్తపడేదీ ప్రోగ్రామరే. వెబ్ వచ్చాక ఫారం నింపేది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు. ఓ'బ్రయన్ అనే ఐరిష్ పెద్దమనిషి పేరు టైపు చేస్తే, కోట్ దగ్గరే పేరు అయిపోయిందనుకుని డేటాబేసు మిగతాది ఆజ్ఞగా చదవబోయి బోర్లాపడేది. ఆయనకు పాపం ఏ దురుద్దేశమూ లేదు. దొంగబుద్ధి ఉన్నవాడైతే కోట్ తరవాత నిజంగానే ఆజ్ఞ రాస్తాడు. 1998 డిసెంబరులో ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రిక 54వ సంచికలో జెఫ్ ఫారిస్టల్ ఈ కిటుకు బయటపెట్టాడు. దానికే తరవాత ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పేరొచ్చింది.

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష దగ్గర అప్పటికే ‘మ్యాజిక్ కోట్స్’ అని ఒక చిట్కా ఉండేది. ఫారంలోంచి ఏ మాటొచ్చినా గుమ్మంలోనే ప్రతి కోట్ ముందూ గీత పెట్టేయడం. ఉద్దేశం మంచిదే, చోటే తప్పు. డేటాబేసు మొహం చూడని మాటలకూ గీత పడేది. ప్రోగ్రామరు తనవంతుగా మళ్లీ ఎస్కేప్ చేస్తే ఓ\'బ్రయన్ కాస్తా ఓ\\\'బ్రయన్ అయ్యేవాడు.

పైగా వెబ్ పేజీలో ఈ గీత ఎందుకూ కొరగాదు. అక్కడ భయం < గుర్తుతో: అది కనబడితే బ్రౌజరు ఆజ్ఞ మొదలైందనుకుంటుంది. 2005 అక్టోబరులో శామీ కంకార్ మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో తన ప్రొఫైల్లో ఒక స్క్రిప్టు దాచాడు. జావాస్క్రిప్ట్ అన్న మాట కనబడితే ఆ సైటు తీసేసేది. అతను మాట మధ్యలో లైను విరిచి దాటించాడు. ఒక రోజు తిరక్కుండానే అది పది లక్షల పైచిలుకు ప్రొఫైళ్లకు పాకింది.

2012 మార్చిలో వచ్చిన 5.4 వెర్షన్‌లో పీహెచ్‌పీ మ్యాజిక్ కోట్స్‌ను పీకేసింది. ఇప్పుడు తెలిసినవాళ్లు డేటాబేసుకు ఆజ్ఞను వేరుగా, పేరును వేరుగా పంపుతారు. పేజీలో చూపేటప్పుడు మాత్రమే, ఆ పేజీకి తగ్గట్టు ఎస్కేప్ చేస్తారు. ఓ'బ్రయన్ పేరు డేటాబేసులో ఏ గీతా లేకుండా ఉంటుంది.