కూర్చుండు వృత్తులు – నడుము నొప్పి

షోలాపురమునకు వలసవచ్చిన మన పద్మశాలి పెద్దలు గుంటమగ్గముల యంచున కూర్చుండి, కాళ్ళు గుంటలోనికి జార్చి దినమెల్ల నేసిరి. వారి సంతతివా రనేకులు నేడు కుర్చీలలో కూర్చుండి కంప్యూటరుపై పనిచేయుచున్నారు. ఆసనము మారినది, నడుము నొప్పి మారలేదు.

ఈ బాధ నూతనము కాదు. ఇటలీ దేశీయుడగు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని (1633–1714) వృత్తులవలన గలుగు వ్యాధులపై 1700లో లాటిను గ్రంథము ప్రకటించెను. కుట్టుపనివారు సదా వంగి కూర్చుండుటచే వారి వీపులు వంగిపోవునని చెప్పి, సెలవుదినములందైనను దేహపరిశ్రమ చేయవలెనని హితవు పలికెను. 1713 నాటి కూర్పున లేఖకులనుగూడ చేర్చెను.

1964లో స్వీడను వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్ళలలోని ఒత్తిడిని కొలిచి, నిలుచున్నప్పటికంటె ఆనుడు లేక కూర్చున్నప్పుడే యది హెచ్చని తెలిపెను. 1999 నాటి కొలతలలో ఆ భేదము కానరాలేదు. ముందుకు వంగి కూర్చున్నప్పుడు మాత్రము ఒత్తిడి మిక్కిలి పెరిగెను.

నొప్పిని నివారించుటకు నేటి పరిశోధనలును వ్యాయామమునకే అగ్రస్థాన మిచ్చుచున్నవి. కావున మంచి కుర్చీ కొన్నంతమాత్రమున చాలదు. వీపు నానించి కూర్చుండుడు, నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయుడు. మగ్గము కడ మన పెద్దలకు దొరకని తీరిక మనకు కలదు. దానిని వృథా చేసికొనరాదు.