వెరో కణశ్రేణి: ఒక కోతి మూత్రపిండం చరిత్ర

ఉపోద్ఘాతం:

వైరస్ తనంతట తాను పెరగలేదు. దానికి జీవకణం ఆశ్రయం కావాలి. కనుక వైరస్ శాస్త్ర చరిత్ర చాలావరకు వైరస్‌ను దేనిలో పెంచారన్న ప్రశ్నకు ఆయా కాలాల్లో దొరికిన సమాధానాల చరిత్ర. బతికున్న జంతువు, కోడిగుడ్డులోని పిండం, గాజుపాత్రలోని కణాలు ఆ వరుసలో వచ్చాయి. మూడవ సమాధానంలో అత్యధికంగా వినియోగంలోకి వచ్చిన వాటిలో ‘వెరో’ కణశ్రేణి ఒకటి. ఒక కోతి మూత్రపిండం నుంచి పుట్టిన ఈ కణాలకు అంత ప్రాధాన్యం రావడానికి కారణం వాటిలో ఉన్న ఒక గుణం కాదు, లేని ఒక గుణం. ఆ లేమి ఎక్కడ ఉపకరించింది, ఎక్కడ తప్పుదారి పట్టించింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

కోతుల మూత్రపిండాల కాలం:

పోలియో వైరస్‌ను నాడీకణాలు కాని మానవ కణజాలంలోనూ పెంచవచ్చని ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ 1949లో నిరూపించారు. దీనికి 1954లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 1955లో వినియోగంలోకి వచ్చిన సాల్క్ టీకాకు కోతుల మూత్రపిండ కణాలే ఆధారం. అయితే అవి అప్పటికప్పుడు జంతువు నుంచి తీసిన కణాలు. కొద్ది తరాలకే నశించేవి. అందువల్ల మళ్ళీ మళ్ళీ కొత్త కోతులు కావలసి వచ్చేవి. వాటిలో ఎక్కువ భాగం భారతదేశపు అడవుల నుంచి, ఊళ్ళ నుంచి పట్టి ఎగుమతి చేసిన రీసస్ కోతులు. రవాణాలో కోతులు మరణించిన దరిమిలా భారత ప్రభుత్వం 1955లో ఎగుమతిని కొంతకాలం ఆపి, షరతులతో తిరిగి అనుమతించింది. పూర్తి నిషేధం 1978లో గాని రాలేదు. టీకాల చరిత్రలు ఈ కోతుల విషయాన్ని సాధారణంగా ఒక వాక్యంతో దాటేస్తాయి.

కోతులతోపాటు వాటిలోని వైరస్‌లు కూడా ప్రయోగశాలలకు చేరాయి. రీసస్ మూత్రపిండ కణాల్లో దాగి ఉన్న ఎస్.వి.40 అనే వైరస్‌ను స్వీట్, హిల్లేమన్ 1960లో గుర్తించారు. అప్పటికే అది కొన్ని పోలియో టీకాల్లోకి చేరిపోయింది. 1967లో ఉగాండా నుంచి తెచ్చిన ఆకుపచ్చ కోతుల కణజాలంతో పనిచేసిన మార్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, బెల్‌గ్రేడ్ నగరాల్లో కొత్త రక్తస్రావ జ్వరం వ్యాపించింది. 31 మందికి సోకి, ఏడుగురు మరణించారు. ఆ వ్యాధికి మార్‌బర్గ్ పేరే స్థిరపడింది.

చీబాలో పుట్టుక:

మార్‌బర్గ్ ఘటనకు అయిదేళ్ళ ముందే దీనికి ప్రత్యామ్నాయం జపానులో సిద్ధమై ఉంది. చీబా విశ్వవిద్యాలయంలో యసుమురా, కవకీతా 1962 మార్చి 27న ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండ కణాల వర్ధనాన్ని ప్రారంభించారు. వారి ఉద్దేశం టీకా తయారీ కాదు, ఎస్.వి.40 వైరస్ అధ్యయనం. ఎస్పరాంటో భాషలో ‘వెర్దా రెనో’ అంటే ఆకుపచ్చ మూత్రపిండం. ఆ రెండు మాటల కుదింపే వెరో. అదే భాషలో ‘వెరో’ అంటే సత్యం అని కూడా అర్థం.

నారుమడి నుంచి తీసి వేరే మడిలో నాటినట్లు, పాత్ర నిండిన కణాలను కొత్త పాత్రలోకి మారుస్తూ పోతే ఈ శ్రేణి అంతులేకుండా పెరుగుతుంది. అంతులేని ఆ పెరుగుదలే చాలాకాలం దానికి ప్రతిబంధకమైంది. ఎడతెగక విభజన చెందే కణంలో క్యాన్సర్ లక్షణం ఉండవచ్చుననీ, దానిలో తయారైన టీకాను మనుషులకు ఇవ్వరాదనీ నియంత్రణ సంస్థలు సంకోచించాయి. ఆ భయం నిరాధారం కాదు. తరాలు బాగా పెరిగిన వెరో కణాలు జంతువులలో కణితులు కలిగించగలవని తరువాత తేలింది. తరాల సంఖ్యకు పరిమితి విధించి, పరీక్షించిన కణనిధి నుంచే తీసుకోవాలన్న నియమంతో ఈ సమస్యను దాటారు. సూక్ష్మమైన పూసలపై కణాలను పెంచే వాన్ వేజల్ పద్ధతి (1967) భారీ తయారీని సాధ్యం చేసింది. 1980లలో వెరో ఆధారిత పోలియో, రేబీస్ టీకాలు వచ్చాయి.

తెలుగు నేలకు సంబంధించినంతవరకు రేబీస్ టీకాయే ముఖ్యం. భారతదేశంలో గొర్రె మెదడు నుంచి తీసిన సెంపుల్ టీకా దాదాపు ఒక శతాబ్దం పాటు నడిచింది. ‘కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అన్న జనవాక్యం దాని జ్ఞాపకమే. నొప్పి మాట అటుంచి, అందులోని మెదడు కణజాలం కొందరిలో పక్షవాతానికి దారితీసేది. 2004 చివరికి దేశంలో ఆ టీకా తయారీ నిలిచిపోయింది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ వంటి వెరో కణ టీకాలు ఆ స్థానాన్ని నింపాయి. 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ కూడా వెరో కణాల్లో పెంచిన వైరస్‌తోనే తయారైంది.

లోపం, దాని ఫలం:

వైరస్ సోకిన కణం సాధారణంగా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. వెరో కణాలు దాన్ని ఉత్పత్తి చేయవని 1968లో గుర్తించారు. 12వ క్రోమోజోములో దాదాపు 90 లక్షల బేస్ జతల భాగం లోపించిందనీ, సంబంధిత జన్యువులు అందులోనే పోయాయనీ 2014లో జన్యుక్రమం వెల్లడించింది. కావలి లేని చేను ఇది. అందుకే ఎన్నో రకాల వైరస్‌లు ఇందులో ఏపుగా పెరుగుతాయి.

విషపదార్థాల పరీక్షలోనూ ఈ కణాలు అక్కరకు వచ్చాయి. కొన్ని ఇ.కోలై బాక్టీరియాలు స్రవించే విషం వెరో కణాలను చంపుతుందని 1977లో కెనడాలో కొనోవాల్‌చుక్ బృందం చూపింది. దానికి ‘వెరోటాక్సిన్’ అని పేరు వచ్చింది. ఆ విషం అతుక్కునే గ్రాహకం ఈ కణాలపై సమృద్ధిగా ఉంది. పిల్లల్లో మూత్రపిండాలను దెబ్బతీసే ఒక తీవ్రవ్యాధికి ఇవే బాక్టీరియాలు కారణమని 1980లలో టొరంటోలో కర్మాలీ బృందం నిర్ధారించింది. కోతి మూత్రపిండ కణం పసిపిల్లల మూత్రపిండ వ్యాధికి ఆచూకీ ఇచ్చిందన్న మాట.

అయితే ఈ సాక్షి ప్రతిసారీ నమ్మదగినది కాదు. 2020 ఆరంభంలో క్లోరోక్విన్ వెరో కణాల్లో కొత్త కరోనా వైరస్‌ను అడ్డుకుంటుందన్న ఫలితం వెలువడింది. ఆ మందు మీద ప్రపంచమంతటా ఆశలు పెరిగాయి. దాని సోదర ఔషధం హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడాలని భారత వైద్య పరిశోధన మండలి అదే మార్చిలో సూచించింది. రోగులపై జరిపిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. మానవ శ్వాసకోశ కణాల్లో టి.ఎం.పి.ఆర్.ఎస్.ఎస్.2 అనే ఎంజైము వైరస్‌కు నేరుగా దారి తెరుస్తుంది. వెరో కణాల్లో అది తగినంతగా లేనందువల్ల, వైరస్ క్లోరోక్విన్ అడ్డగించగల మరో దారిన లోపలికి వెళుతుంది. ఊపిరితిత్తి కణశ్రేణిలో ఆ మందు పనిచేయలేదని హోఫ్‌మన్ బృందం 2020 జులైలో ప్రకటించింది. నిజానికి కోతి మూత్రపిండం ఇచ్చిన జవాబు అబద్ధం కాదు. అది కోతి మూత్రపిండానికి సంబంధించిన జవాబు, అంతే.

అప్పటికే టోక్యోలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ పరిశోధకులు లోపించిన ఆ మానవ ఎంజైమును ఉత్పత్తి చేసే వెరో ఉపశ్రేణిని వినియోగిస్తున్నారు. 2020 మార్చిలో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొత్త కరోనా వైరస్ ఆ కణాల్లో మామూలు వెరో కణాల్లో కన్న ఎన్నో రెట్లు ఎక్కువగా పెరిగింది.