గ్రౌండ్ టెస్ట్ చేస్తుంటే గాల్లోకి లేచిన ఫైటర్ జెట్.. కాక్‌పిట్‌లో ఇంజినీర్, 12 నిమిషాల ఉత్కంఠ!

యుద్ధ విమానానికి ప్రమాదం అనగానే ఆకాశంలోంచి కూలిపోయిందనే అనుకుంటాం. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జెట్ల కాలంలో కొన్ని పెద్ద ప్రమాదాలు నేల మీద, ఓడ డెక్ మీదే మొదలయ్యాయి. కారణం చూస్తే చాలా చిన్నది.. ఒక వైరు, ఒక పిన్ను, ఒక ప్లగ్గు.

లైనెమ్‌లో ఏం జరిగింది?

1966 జులై 22. బ్రిటన్‌లోని లైనెమ్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. ఎక్స్ఎమ్ 135 నంబరు గల లైట్నింగ్ ఫైటర్‌లో ఓ కరెంటు లోపం ఎంతకీ దొరకడం లేదు. విమానం కదిలినప్పుడే ఆ లోపం కనిపిస్తోంది. దాంతో రన్‌వే మీద కొద్ది గజాలు నడిపి ఆపుతూ చెక్ చేయాలనుకున్నారు. టెస్ట్ పైలట్ అందుబాటులో లేకపోవడంతో మెయింటెనెన్స్ యూనిట్ కమాండర్ వింగ్ కమాండర్ వాల్టర్ హోల్డెన్ స్వయంగా కూర్చున్నారు. ఆయన ఇంజినీరింగ్ ఆఫీసర్. చిన్న ట్రైనర్ విమానాలు నడిపిన అనుభవం ఉంది కానీ, ఇలాంటి సూపర్‌సోనిక్ ఫైటర్‌ను ఎప్పుడూ నడపలేదు.

కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. హెల్మెట్ లేదు, రేడియో లేదు. ఎగిరే పనే లేదు కాబట్టి ఎజెక్షన్ సీటుకు సేఫ్టీ పిన్నులు అలాగే ఉన్నాయి. చక్రాలు లోపలికి ముడుచుకోకుండా లాక్ చేసి ఉన్నాయి.

థ్రాటిల్ ఇరుక్కుపోయింది..

టెస్ట్‌లో థ్రాటిల్ ఒక్కసారిగా రీహీట్ స్థానంలోకి వెళ్లి లాక్ అయిపోయింది. రీహీట్ అంటే ఇంజిన్ వెనుక అదనంగా ఇంధనం మండించి, థ్రస్ట్‌ను బాగా పెంచే ఏర్పాటు. వెనక్కి లాగుదామంటే ఆ కంగారులో లాచ్ చేతికి అందలేదు. ఎదురుగా ఓ ఆయిల్ ట్యాంకర్ దాటింది. అడ్డంగా ఉన్న మెయిన్ రన్‌వే మీద కామెట్ విమానం టేకాఫ్ అవుతోంది. రెండింటినీ తప్పించుకున్నారు. కానీ రన్‌వే అయిపోతోంది. ఇక వేరే దారి లేక జెట్‌ను గాల్లోకి లేపేశారు.

పైకి వెళ్లాక రీహీట్ ఆపగలిగారు. దూకేద్దామంటే సీటు పనిచేయదు. మిగిలింది ఒక్కటే.. ల్యాండింగ్! మొదటి రెండు ప్రయత్నాలు కుదరలేదు. మూడోసారి ఎదురు దిక్కు నుంచి వచ్చి దించారు. తోక నేలకు తగిలి బ్రేక్ పారాచూట్ తీగ తెగిపోయింది. చివరికి జెట్ రన్‌వే అంచుకు దాదాపు 100 గజాల దూరంలో ఆగింది. గాల్లో ఉన్నది సుమారు 12 నిమిషాలు. ఆయనకు ఏమీ కాలేదు.

తర్వాత తేలింది ఏంటంటే.. ఎప్పుడో తీసేసిన ఓ టెస్ట్ బటన్ వైర్లను లోపలే వదిలేశారు. విమానం కదిలినప్పుడు అవే షార్ట్ అవుతున్నాయి.

అందరికీ ఆ అదృష్టం లేదు

సుమారు ఏడాది తర్వాత, 1967 జులై 29న వియత్నాం యుద్ధ సమయంలో అమెరికా విమాన వాహక నౌక ఫారెస్టల్‌పై ఘోరం జరిగింది. డెక్ మీద నిలబడి ఉన్న ఫాంటమ్ ఫైటర్‌ను బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకు మారుస్తుండగా జునీ రాకెట్ ఒకటి దానంతట అదే దూసుకెళ్లింది. ఎదుటి స్కైహాక్ విమానం ట్యాంకు పగిలి మంటలు లేచాయి. ఆ వేడికి బాంబులు పేలాయి. 134 మంది చనిపోయారు.

రాకెట్ ప్లగ్గును విమానం ఎగిరే ముందు, ఆఖరి నిమిషంలోనే కలపాలి. టైమ్ కలిసొస్తుందని ముందే కలిపేశారు. సేఫ్టీ పిన్ను కూడా దాని చోట లేదు.

1969 జనవరి 14న హవాయి దగ్గర ఎంటర్‌ప్రైజ్ నౌకపైనా ఇలాగే జరిగింది. ఇంజిన్ స్టార్ట్ చేసే యంత్రం వేడి గాలి తగిలి ఫాంటమ్‌కు ఉన్న రాకెట్ పేలింది. 28 మంది ప్రాణాలు పోయాయి.

ఏం మారింది?

ఈ ప్రమాదాల తర్వాత అమెరికా నౌకాదళం నావికులకు మంటలు ఆర్పే శిక్షణ పెంచింది. డెక్ మొత్తం తడిపే వాష్‌డౌన్ వ్యవస్థ, వేడిని ఎక్కువసేపు తట్టుకునే పూత ఉన్న బాంబులు వచ్చాయి.

హోల్డెన్ నడిపిన ఆ లైట్నింగ్ ఇప్పుడు ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. 'ఎలాగూ ఎగరదు కదా' అనుకున్న విమానం అది!