మోటారుసైకిలు మీట కథ

మోటారుసైకిలు చరిత్ర యనగానే ఇంజనుల బలమును, పందెముల వేగమును చెప్పుట వాడుక. నేనీ దినమున చెప్పదలచినది వానిని గూర్చి కాదు. హ్యాండిలుమీద బొటనవ్రేలికి అందునట్లు అమర్చిన చిన్న మీటను గూర్చి. మనము స్విచ్చి యని పిలుచునది అదియే. బండి మొత్తములో దాని వెల స్వల్పము. దానివలన కలుగగల కీడు మాత్రము స్వల్పము కాదు. ఈ సంగతి నాకు అనుభవము మీద తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మార్గశిర మాసపు రాత్రి, మా బావగారిని వెనుక కూర్చుండబెట్టుకొని పొరుగూరి పెండ్లినుండి కాలువగట్టు వెంబడి వచ్చుచుంటిని. ఎదుట ట్రాక్టరు వచ్చుచుండుటచే వెలుగు దించవలెనని మీటను త్రోసితిని. వెలుగు దిగుటకు మారుగా దీపమే ఆరిపోయినది. ఒక ప్రక్క కాలువ, వేరొక ప్రక్క ట్రాక్టరు. మీటను మరల వెనుకకు త్రోయవలెనను తెలివి ఆ క్షణమున నాకు కలుగలేదు. బ్రేకు వేసి నిలుచునప్పటికి ముందుచక్రము గట్టు అంచునకు జానెడు దూరమున నుండెను. బావగారు దిగి చాలసేపు మాటాడలేదు. పిమ్మట "ఇక నడచియే పోదము పదవోయి" అని మాత్రము అనిరి.

మరునాడు ఒక దుకాణమున క్రొత్త బల్బు వేసిరి. పది దినములకు మరల అదే తంతు. ఈసారి బ్యాటరీ మార్చిరి. డబ్బు పోయినది గాని జబ్బు పోలేదు. జబ్బును పట్టిన విధము తరువాత విన్నవించెదను. అసలు ఈ మీట హ్యాండిలుమీదికి ఎట్లు వచ్చెనో ముందు తెలిసికొందము. పుట్టుక తెలిసినగాని వ్యాధి తెలియదు గదా!

1885లో జర్మనీదేశమున కాన్‌స్టాట్ అను ఊరిలో గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాక్ అనువారు కొయ్యచట్రమునకు ఇంజను బిగించి నడపిరి. మోటారుసైకిళ్ళకు ఆదిపురుషుడని చెప్పదగిన బండి యదియే. దానికి విద్యుచ్ఛక్తితో పనిలేదు. మంటచే ఎఱ్ఱగా కాల్చబడిన గొట్టమే ఇంజనులోని వాయువును అంటించెడిది. 1894లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌మ్యూలర్ అనువారు అమ్మకమునకు పెట్టిన బండికిని ఇదియే పద్ధతి. తీగ లేదు, కనుక మీటయు లేదు.

దీపముల సంగతి యెట్లున్నదన, తొలికాలపు బండ్లకు కార్బైడు దీపములే గతి. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అనునాతడు విద్యుత్కొలిమిలో కార్బైడు తయారగుట కనుగొనెను. తిరునాళ్ళలో అంగళ్ళవారు వెలిగించు ఈ దీపములను మీలో పలువురు చూచియే యుందురు. గడ్డమీద నీటిబొట్లు పడగా వాయువు పుట్టును. అంటించిన తెల్లగా మండును. అయితే ఆ దీపము ఆజ్ఞకు లోబడునది కాదు. నీరు కట్టివేసినను, పుట్టిన వాయువు తీరువరకు మండుచునే యుండును. ఎదుటివాని కండ్లకు మిరుమిట్లు గొలుపుచున్నను క్షణములో దించుటకు ఉపాయము లేదు.

హ్యాండిలుమీద తొలుత వెలసిన విద్యుత్తు గుండీలలో ఒకటి దీపమునకు గాక, ఇంజనును ఆపుటకు పుట్టినది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మాగారమున గాట్‌లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు బలమైన నిప్పురవ్వ నిచ్చు మాగ్నెటోను సిద్ధపరచెను. అయస్కాంతము చెంత తీగచుట్ట కదలిన విద్యుత్తు పుట్టునని 1831లోనే ఫారడే చూపియుండెను. ఆ సూత్రమే దీనికి ఆధారము. బ్యాటరీ అక్కరలేదు. కాని ఇంజను తిరుగునంతకాలము రవ్వ పుట్టుచునే యుండును. దాని నాపుటెట్లు? ఆ విద్యుత్తును బండి యినుములోనికి మళ్ళించిన చాలును. అందులకై హ్యాండిలుమీద ఒక గుండీ వెలసెను.

ఇచ్చట ఒక చిత్రము గమనింపుడు. ఇంటిలోని స్విచ్చి దారిని కలిపిన దీపము వెలుగును. మాగ్నెటో గుండీ దారిని కలిపిన ఇంజను చచ్చును. బ్యాటరీతో రవ్వ పుట్టించు బండిలోనన్ననో, దారి తెగిన ఇంజను చచ్చును. కావున మీట తీగ తెగినచో మాగ్నెటో బండి ఆగనని మొరాయించును; బ్యాటరీ బండి కదలనని మొరాయించును. రోగ మొక్కటియే, లక్షణములు రెండు. బండి జాతి యెరుగక చికిత్స చేయరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

విద్యుద్దీపములు పిమ్మట వచ్చినవి. 1914లో అమెరికాలో ఇండియన్ అను కంపెనీవారు హెండీ స్పెషల్ అను బండికి విద్యుద్దీపములతోపాటు విద్యుత్ స్టార్టరును కూడ అమర్చిరి. పేరునుబట్టి అది మనదేశపు కంపెనీ యని భ్రమపడవలదు. ఆనాటి బ్యాటరీలు ఆ భారమును మోయలేకపోయినవి. ఆ ప్రయత్నము నిలువలేదు. దీపములు మాత్రము నిలిచినవి. 1920వ దశకము నడుమ ఒకే బల్బులో రెండు తీగలుంచు పద్ధతి వచ్చెను. ఒకటి దూరపు వెలుగునకు, రెండవది దగ్గర వెలుగునకు. ఈ రెంటిలో ఒకదానిని క్షణములో ఎన్నుకొనుటకు మీట కావలసివచ్చెను. కుడిచేయి పెట్రోలును, ఎడమచేయి క్లచ్చిని చూచుచుండగా, దీపముకొరకు హ్యాండిలు వదలినవాడు బండినే వదలినవాడగును. అందుచే ఆ మీట బొటనవ్రేలి చెంతకు చేరెను.

మీటలోపల నేమున్నది? ఇత్తడి రేకులో రాగి రేకులో రెండు, వానిని కలుపుటకొక స్ప్రింగు. ఇంతియే. అయినను శత్రువు అచ్చటనే కలదు. రేకులు విడిపోవు క్షణమున నడుమ చిన్న మెరుపు పుట్టి లోహమును కాల్చును. 1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జాన్ హెన్రీ హోమ్స్ అనునాతడు రేకులు చటుక్కున విడిపోవునట్లు స్విచ్చిని నిర్మించి, ఆ మెరుపునకు వ్యవధి లేకుండ చేసెను. మీటను త్రోసినపుడు మనకు వినబడు "టక్కు" మను చప్పుడు ఇట్టి ఏర్పాటునకు గురుతు. ఆ టక్కు మెత్తబడినదన, స్ప్రింగు అలసినదని యెరుగవలెను.

మనదేశమున 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్టు బండ్లను తయారుచేయసాగెను. పాతకాలపు బండ్లలో 6 వోల్టుల ఏర్పాటు మెండు. 35 వాట్ల దీపము 6 వోల్టులమీద వెలుగుటకు దాదాపు 6 ఆంపియర్ల ప్రవాహము కావలెను. 12 వోల్టులమీదనైన 3 ఆంపియర్లు చాలును. ప్రవాహము సగమైన, అదే రేకులమీద వేడిమి నాలుగవ వంతునకు దిగును. పాత బండ్ల దీపములు గ్రుడ్డివని పేరువడుటకు బల్బుకంటె ఈ లెక్కయే ఎక్కువ కారణము.

1969లో జపానునుండి హోండా సి.బి. 750 వెలువడెను. దాని కుడిచేతి క్రింద స్టార్టరు గుండీయు, ఇంజను నాపు మీటయు నుండెను. అంతవరకు ఏ మీట ఎచ్చట నుండవలెనను విషయమున ఎవరి యిష్టము వారిది. అలవాటులేని బండి నెక్కినవాడు ఆపదలో తడుముకొనవలసినదే. 1974లో అమెరికా ప్రభుత్వము దీనికి కట్టుబాటు చేసెను. హారను, వెలుగు దించు మీట ఎడమవైపునను, ఇంజను నాపు మీట కుడివైపునను ఉండవలెనని శాసించెను. అంత పెద్ద అంగడిలో అమ్మదలచిన కంపెనీలన్నియు ఆ వరుసకు వచ్చినవి. నేడు మన గ్రామములలో తిరుగు బండ్లమీదను అదే వరుస కానవచ్చును.

2017 ఏప్రిల్ 1 మొదలు మనదేశపు క్రొత్త బండ్లలో, ఇంజను నడచునంతసేపు ముందుదీపము తనంత తానే వెలుగుచుండవలెనను నియమము అమలులోనికి వచ్చెను. పగటివేళకూడ ఎదుటివారికి బండి కానవచ్చుటయే దీని ఉద్దేశము. ఇట్లు దీపము నార్పు మీట మాయమయ్యెను. వెలుగు దించు మీట మాత్రము నిలిచియున్నది.

ఇక నా బండి మాట. బ్యాటరీ మార్చినను ఫలము లేక, పట్టణములో చెట్టుక్రింద పనిచేయు ఒక ముసలి మేస్త్రీ వద్దకు పోయితిని. అతడు నా కథ యంతయు విని, "అయ్యా, బల్బు చెడినదని ఎవరు చూచినారండీ?" అని యడిగెను. నేను నిరుత్తరుడనైతిని. అతని చేతిలో నున్న పరికరము రెండు తీగలు కట్టిన చిన్న బల్బు. ఒక తీగను బండి యినుమునకు ఆనించి, తాళము త్రిప్పి, రెండవ తీగను మీటలోనికి వచ్చు తీగ కొసకు ముట్టించెను. చిన్నబల్బు ధగధగ వెలిగెను. మీటనుండి బయటకు పోవు దూరపు వెలుగు తీగకు ముట్టించెను, అచ్చటను వెలిగెను. మీటను దించి దగ్గర వెలుగు తీగకు ముట్టించెను. నిప్పుకణికవలె ఎఱ్ఱబడి, మీటను కదలించినప్పుడెల్ల మిణుకుమిణుకుమనెను. "లోనికి నిండుగా వచ్చి బయటికి రానిచో దొంగ లోపలనే యున్నాడండీ" అనెను. పావుగంట పట్టలేదు.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు కలవు. కొన్ని పాత చిన్న బండ్లలో ముందుదీపమునకు బ్యాటరీనుండి గాక, నడచుచున్న ఇంజనునుండియే విద్యుత్తు వచ్చును. అట్టివానిని ఇంజను నడపియే పరీక్షింపవలెను. రెండవది, దీపము వెలుగుచుండగానే హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి చూడవలెను. అప్పుడు దీపము ఆరిన, తప్పు మీటది కాదు. హ్యాండిలు మెడవద్ద నలిగిన తీగది.

మీటను విప్పగా లోపల పచ్చని చిలుము, నల్లని గుంటలు, కరిగిన ప్లాస్టికు కానవచ్చెను. చిలుము మాత్రమే యైన, సన్నని ఉప్పుకాగితముతో రుద్ది తుడిచిన సరిపోయెడిది. కరిగినదానికి మందు లేదు. మేస్త్రీ దీపపు బల్బును ఊడదీసి చూచి, "ఈ నూరువాట్ల బల్బు పెట్టించినది ఎవరండీ?" అనెను. పెట్టించినవాడను నేనే. వెలుగు చాలదని, 60 వాట్లకు ఏర్పడిన బండికి 100 వాట్లది వేయించితిని. దుకాణమువారు బల్బు మార్చినప్పుడును అట్టిదే కావలెనని పట్టుపట్టితిని. 5 ఆంపియర్లు మోయవలసిన రేకులు 8 ఆంపియర్లకు పైగా మోసినవి. వేడిమి రెండున్నర రెట్లు మించెను. దుకాణమువారిని నిందించుచు తిరిగిన నాకు తల వంగినది. బావగారిని కాలువ అంచునకు తెచ్చినది మీట కాదు, నా యాశ.

అతడు మీటను మార్చిన తీరును మీ మేలుకొరకు చెప్పుచున్నాను. మొదట బ్యాటరీ ఋణపు తీగను విప్పెను. తీగల రంగులను, అవి కలియు చోటులను కాగితముమీద వ్రాసికొనెను. దీపపు గిన్నెలోని కప్లరును విడదీసి, హ్యాండిలు క్రిందినున్న రెండు మరలు తీసి, పాతదానిని వెలికిదీసెను. స్ప్రింగులు ఎగిరిపోకుండ క్రింద గుడ్డ పరచెను. క్రొత్తదాని లోపలి చిన్న మొనను హ్యాండిలు రంధ్రములో కూర్చుండబెట్టి, తీగలను పాతదారినే నడపి, హ్యాండిలు రెండువైపుల త్రిప్పినను ఎచ్చటను నలుగకుండునట్లు చూచెను. 60 వాట్ల బల్బు వేసెను. దీపము, హారను, ప్రక్కదీపములు అన్నియు పరీక్షించినగాని నన్ను పోనీయలేదు.

పెద్దలారా! మన యిండ్లలోని పిల్లలు రాత్రివేళ బండ్లమీద తిరుగుచున్నారు. వారు బయలుదేరుటకు ముందు మీటను ఒక్కసారి ఎత్తి దించి చూడుడని చెప్పుడు. తప్పు కానవచ్చిన వస్తువులు కొనుటకు ముందు, విద్యుత్తు ఎంతవరకు వచ్చి ఎచ్చట ఆగినదో వెదకుడని చెప్పుడు. ఆ పెండ్లినుండి తిరిగివచ్చిన రాత్రిని మా బావగారు ఇప్పటికిని మరువలేదు. నా బండి యెక్కుటకు ముందు ఆయనయే చేయి చాచి మీటను "టక్కు"మనిపించి, వెలుగు దిగుట చూచినగాని కూర్చుండరు.