నాడి వద్దు, ఊపిరి చూడు

మే 20 దగ్గర పడిందంటే మా ఉపసంపాదకుడి నుంచి ఫోను వస్తుంది. క్లినికల్ ట్రయల్స్ దినోత్సవం కదా. 1747లో ఆ రోజునే జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ పట్టిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక జంటకు నారింజలు, నిమ్మకాయలు పెట్టి చూశాడు. "లిండ్ కథ అందరూ రాసేదే అన్నా, మనూరి కథ కావాలి. గురువారానికల్లా" అన్నాడు.

నేనుండేది హైదరాబాద్ కృష్ణానగర్లో. పొద్దున్నే సినిమా వేషాల కోసం రోడ్డు మీద నిలబడ్డ జనాన్ని తప్పించుకుని, శ్రీనగర్ కాలనీ మీదుగా నడిస్తే పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రి. అందులో క్లినికల్ ఫార్మకాలజీ విభాగం ఉంది. మనూరి కథ చివరికి అక్కడికే చేరుతుంది గానీ, మొదలయ్యింది మూసీ ఒడ్డున.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో దారుల్ షిఫా ఆసుపత్రి కట్టించాడు. 1846లో ఉర్దూలో పాఠాలు చెప్పే వైద్య పాఠశాల మొదలైంది. ఈ రెండింటి మధ్య రెండున్నర శతాబ్దాల పాటు ఏ హకీము ఏ మందిచ్చాడో, ఎవరు బతికారో లెక్క రాసిపెట్టినవాళ్లు తక్కువ. అంచేత నేనూ రెండు వాక్యాల్లో దాటేస్తున్నాను. నా మనసంతా ఎడ్వర్డ్ లారీ మీదే ఉంది.

పేరు లారీ. ఎదురొచ్చినదానికి పక్కకు తప్పుకోకపోవడంలోనూ లారీయే. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చాడు. చదివింది ఎడిన్‌బరోలో, జేమ్స్ సైమ్ దగ్గర. 1847లో సింప్సన్ అనే వైద్యుడు మత్తుకోసం క్లోరోఫాం వాడకం మొదలుపెట్టిన ఊరది. మరుసటి ఏడాదే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల, కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే, అక్కడే చనిపోయింది. అప్పట్నుంచి తగువు. గుండె ఆగి చస్తారు, నాడి పట్టుకుని కూర్చోండి అని లండన్. ముందు ఆగేది ఊపిరి, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండె జోలికే పోనక్కర్లేదని ఎడిన్‌బరో. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ శిష్యులకు నేర్పిన సూత్రం ఒక్కటే: నాడి వద్దు, ఊపిరి చూడు.

1888లో హైదరాబాద్‌లోనే కమిషన్ వేసి కుక్కల మీద పరీక్షలు చేయించాడు. తన మాటే నెగ్గిందన్నాడు. లండన్ పత్రిక లాన్సెట్ పెదవి విరిచింది. ఇంకొకరైతే ఊరుకునేవారు. లారీ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గరికి వెళ్లాడు. మీకు నచ్చిన మనిషిని మీరే పంపండి, ఖర్చులకు ఇదిగో వెయ్యి పౌండ్లు, అని హైదరాబాద్ నుంచి లాన్సెట్‌కు సొమ్ము వెళ్లింది! ఏలినవారు లండన్ పత్రిక పరిశోధనకు చందా ఇచ్చిన ఆ ముచ్చట ఎన్నిసార్లు చదివినా నాకు నవ్వాగదు.

లాన్సెట్ పంపింది సామాన్యుణ్ణి కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపిన థామస్ లాడర్ బ్రంటన్. అప్పటి ఫార్మకాలజీలో పెద్ద తలకాయ. పైగా క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మినవాడు. 1889 అక్టోబరులో దిగి, డిసెంబరు దాకా లారీ, బామ్‌ఫర్డ్, రుస్తుంజీలతో కలిసి పనిచేశాడు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి 490. వాటిలో 120 జంతువులకు మానోమీటరు తగిలించి రక్తపోటు గీతలు తీశారు. చివరికి బ్రంటనే మాట మార్చుకుని లాన్సెట్‌కు తంతి కొట్టాడు: అపాయం ఊపిరాడకపోవడం వల్లో, మోతాదు మించడం వల్లో గానీ, గుండె మీద నేరుగా ఏమీ లేదని.

లారీ గెలిచాడు. కొన్నాళ్లే. 1893లో కేంబ్రిడ్జి నుంచి గాస్కెల్, షోర్ కాదన్నారు. 1911లో లెవీ పిల్లుల మీద అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు పల్చగా ఉన్నప్పుడు అడ్రినలిన్ ఎగదన్నితే గుండె అదిరి ఆగిపోతుందట. మత్తు నిండా ఎక్కిన జంతువుల్లో అది పట్టుబడదు. జవాబు ముందే జేబులో పెట్టుకుని ప్రశ్న అడిగితే వచ్చే చిక్కిది. అయినా లారీ మీద నాకు కోపం రాదు. ఆయన దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889 నుంచి 1917 దాకా ఈ ఊళ్లో మత్తు వైద్యం చేసింది. ప్రపంచంలో ఆ పని చేపట్టిన తొలి మహిళల్లో ఒకరామె. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని మాత్రం 1908 వరద తీసుకుపోయింది.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ వచ్చింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. దాని ఆఫీసు చాలాకాలం మా పక్కనే, అమీర్‌పేటలో ఉండేది. మహబూబ్ కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ట్రస్టు పంజగుట్టలో కట్టించిన ఎముకల ఆసుపత్రి నిమ్స్‌గా మారి, 1989లో చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందింది. బ్రంటన్ వచ్చి వెళ్లిన సరిగ్గా వందేళ్లకు!

నిమ్స్ క్లినికల్ ఫార్మకాలజీ విభాగం 2013లో అచ్చువేసిన పనుల్లో నాకు నచ్చింది ఉసిరి. పింగళి ఉషారాణి బృందం 80 మంది మధుమేహ రోగులను నాలుగు గుంపులు చేసింది. రెండు గుంపులకు ఉసిరి సారం రెండు మోతాదుల్లో, ఒక గుంపుకు అటోర్వాస్టాటిన్, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర. 12 వారాలు. ఎవరికి ఏది పడుతోందో అటు రోగికీ తెలియదు, ఇటు డాక్టరుకూ తెలియదు. రక్తనాళాల తీరు కొలిచింది దేంతో అనుకున్నారు? వేలికొసకు కాంతి పట్టి, నాడి అలతో. లారీ చూడొద్దన్న నాడే! ఉసిరి తిన్నవారి నాళాలు మెరుగుపడ్డాయి. మా అమ్మమ్మకు ఈ వార్త చెబితే, ఇందుకు 80 మంది ఎందుకురా అనేది.

అన్ని పరీక్షలూ ఉసిరి కథంత తియ్యగా లేవు. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళల మీద ఒక ప్రైవేటు సంస్థ జరిపిన మందుల పరీక్షలు రచ్చకెక్కాయి. డబ్బుకోసం వెళ్లారు, సంతకం దేనికో తెలియలేదు. 2013లో నష్టపరిహారం నిబంధనలు వచ్చాయి. సమ్మతిని వీడియో తీయాలన్న షరతు కూడా ఆ ఏడాదిదే. 2020 జులైలో నిమ్స్‌లో కోవాక్సిన్ తొలిదశ పరీక్షలు మొదలయ్యేసరికి ఆ కెమెరాలు మామూలైపోయాయి. దేశం మొత్తం మీద 11 ఆసుపత్రుల్లో 375 మంది టీకాకు చేయి చాపారు.

క్లోరోఫాం ఇప్పుడు ఆపరేషన్ గదుల్లో లేదు. మా కృష్ణానగర్ వాళ్లు పనిచేసే సినిమాల్లోనే ఉంది. విలన్ రుమాలు ముక్కు దగ్గర పెట్టడం ఆలస్యం, హీరోయిన్ ఒరిగిపోతుంది. లారీ శిష్యులకు నిమిషాలు పట్టేది. మావాళ్లకు ఒక్క షాట్ చాలు.