కాతిబ్ కలం నుంచి వర్డ్‌ప్రెస్ దాకా: మన కాగితాలకు ఏ ఇల్లు?

గూడూరులో రైలెక్కితే మద్రాసు ఎంతో దూరం కాదు. ఆ మద్రాసులో, ట్రిప్లికేన్ హైరోడ్డు మీద, వాలాజా మసీదు దగ్గర్లోని ఒక చిన్న దఫ్తర్ నుంచి 'ది ముసల్మాన్' అనే ఉర్దూ అఖ్బార్ వచ్చేది. 1927లో సయ్యద్ అజ్మతుల్లా సాహెబ్ మొదలుపెట్టిన పత్రిక అది. దేశమంతా కంప్యూటర్లకు మారిపోయాక కూడా అక్కడ కాతిబ్‌లు కలం, సియాహీతోనే పేజీలు రాశారు. ఒక్కో సఫాకు దాదాపు మూడు గంటల మెహనత్. రాసిన సఫాను నెగటివ్ తీసి, ప్లేటు చేసి, అచ్చు వేసేవారు. చివరి నిమిషంలో పెద్ద ఖబర్ ఏదైనా వస్తుందేమోనని మొదటి పేజీ కింద ఒక మూల ఖాళీగా ఉంచేవారు.

ఆ ఖాళీ మూల నాకెంతో ఇష్టం. కానీ ఇబ్బంది కూడా అక్కడే ఉంది. కితాబత్‌లో మజ్‌మూన్, దాని లిబాస్ వేరు వేరు కావు. పెద్ద గలతీ దొర్లితే సఫా మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్, చేసిన పనల్లా ఆ రెంటినీ విడదీయడం. మజ్‌మూన్ ఒకచోట దాచి ఉంటుంది, లిబాస్ ఇంకోచోట ఉంటుంది. లిబాస్ ఎన్నిసార్లు మార్చినా మజ్‌మూన్ చెక్కు చెదరదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, చిల్లకూరు, గూడూరు వైపు మన ఘరానాల నుంచి కొన్నాళ్ళుగా ఒకే సవాల్ వస్తోంది. దాదాగారి ఉర్దూ ఖత్‌లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నసబ్‌నామా ఒక నోటుబుక్కులో ఉంది. కువైట్ నుంచి మామూ మాట్లాడి పంపిన క్యాసెట్లు ఉన్నాయి. ఇవన్నీ ఒకచోట పెట్టాలంటే ఏది నేర్చుకోవాలి భాయ్, అని. పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ తారీఖ్ తెలియకుండా ఎంచుకుంటే రేపు ఎందుకు పోయిందో కూడా తెలియదు.

1991లో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్‌సైటు పెట్టాక, తొలి రోజుల్లో పేజీలను ఎక్కువగా చేత్తోనే హెచ్‌టీఎంఎల్‌లో రాసేవారు. ఒక రకంగా అదీ కితాబతే. మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న గూడూరు, చిల్లకూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. చేత్తో కట్టిన సైటులో ప్రతి పేజీ అడుగున 'నెల్లూరు జిల్లా' అని ఉందనుకోండి, 200 పేజీలుంటే 200 సార్లు దిద్దాలి. సీఎంఎస్‌లో ఆ అడుగుపట్టీ ఒక్కచోటే ఉంటుంది. ఒక్కసారి మారిస్తే అన్ని పేజీల్లోనూ మారుతుంది. లోపలి వ్యాసంలో పాత తేదీ కింద ఉన్న 'నెల్లూరు జిల్లా' మాత్రం అలాగే ఉండాలి, ఎందుకంటే ఆ రోజున అదే నిజం. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో విడిగా పెట్టుకునే ఈ తర్తీబ్ అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

1995లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ అనే రెండు సాధనాలు వచ్చాయి. వాటితో పెద్ద కంపెనీలకే అందుబాటులో ఉన్న వసతి విద్యార్థుల చేతికి వచ్చింది. 2001లో బెల్జియం విద్యార్థి డ్రీస్ బైటార్ట్ డ్రూపల్‌ను బయటపెట్టాడు. 2005లో మాంబో అనే సాఫ్ట్‌వేర్‌తో విభేదించిన బృందం విడిపోయి జూమ్లా పెట్టింది. ఆ పేరు స్వాహిలీ 'జుమ్లా' నుంచి తీసుకున్నారు, స్వాహిలీకి అది అరబీ నుంచి వచ్చింది. మనకు బడిలో జుమ్లా అంటే వాక్యం, ఖాతాలో జుమ్లా అంటే మొత్తం. (ఎన్నికల జుమ్లా సంగతి మరో రోజు.)

వర్డ్‌ప్రెస్ కథ వేరు. బీ2 అనే సాఫ్ట్‌వేర్‌ను ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ వాల్డ్రిగీ రాశాడు, కొన్నాళ్ళకు దాన్ని పట్టించుకోవడం మానేశాడు. దాన్ని నమ్ముకున్నవాళ్ళు నడిరోడ్డు మీద పడ్డట్టే. కానీ అది జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పంచేటప్పుడు ఆ హక్కును ఇతరులకు లేకుండా చేయకూడదు. పూర్తిగా ఒకటి కాకపోయినా, మనవాళ్ళకు వఖ్ఫ్ అంటే చప్పున తెలుస్తుంది: ఒకసారి అందరి కోసం వదిలాక మళ్ళీ సొంత ఆస్తి చేసుకోవడానికి లేదు. అమెరికాలో 19 ఏళ్ళ మ్యాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండులో మైక్ లిటిల్ ఆ బీ2నే ఎత్తుకుని 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తెచ్చారు. మరుసటి ఏడాది, అప్పట్లో పేరున్న మూవబుల్ టైప్ తన లైసెన్సు షరతులు మార్చింది. ఎక్కువ సైట్లు, ఎక్కువమంది రచయితలు ఉన్నవాళ్ళు డబ్బు కట్టాల్సి వచ్చింది. చాలామంది ఇల్లు ఖాళీ చేసి వర్డ్‌ప్రెస్‌కు వచ్చేశారు. ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయి. 2024లో దాని చుట్టూ వ్యాపార తగాదా ముదిరి కోర్టుకు కూడా వెళ్ళింది. అయినా ఆ వఖ్ఫ్ షరతు అలాగే ఉంది, కావాలంటే రేపు ఇంకొకరు ఎత్తుకోవచ్చు. నా దృష్టిలో ఎంపికకు మొదటి కారణం ఇదే, అందం రెండోది.

మన రెండు జబానుల తారీఖ్ ఇంతకంటే బాధాకరం. తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చిన కొత్తలో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మన మెషీన్‌లో లేకపోతే తెర మీద ఇంగ్లిషు అక్షరాల గంజి కనబడేది. ఆ గందరగోళాన్ని యూనికోడ్‌లోకి మార్చి చదివించడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే సాధనం తయారు చేశారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక గానీ మామూలు ఇళ్ళలో తెలుగు యూనికోడ్ కనబడలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. అది నడిచేది కూడా ఒక సీఎంఎస్ మీదే, దాని పేరు మీడియావికీ. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' లాంటి పత్రిక ఇన్నేళ్ళు నిలబడిందంటే, ఒక లిపి పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి పాత సంచికలను ఓపికగా మోసుకొచ్చినవాళ్ళు ఉండబట్టే.

ఉర్దూ సంగతి చూడండి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తలీఖ్ తయారు చేశారు, 'జంగ్' అఖ్బార్ దాన్ని వాడింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. కాతిబ్‌ల పని తగ్గింది, పత్రికలు అందంగా వచ్చాయి. కానీ పాత ఇన్‌పేజ్ ఫైలు యూనికోడ్ కాదు. నెట్‌లో పెట్టాలంటే పేజీని తస్వీర్‌గా మార్చి పెట్టేవారు. తస్వీర్‌లో వెతకలేం. మీ దాదా పేరు కొడితే గూగుల్‌కు దొరకదు.

ఇక ఇల్లు కూలిపోవడాలు. జియోసిటీస్ 2009లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మాయమయ్యాయి. తెలుగువాళ్ళ ఎన్నో ఏళ్ళ చర్చలు వాటిలో ఉండేవి. ఇవాళ మన ఖాన్‌దాన్‌ల తారీఖ్ అంతా వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. ఫోను పోతే ఫోటోలూ పోతాయి. కాబట్టి ఏది ఎంచుకున్నా ముందు ఒక్కటే అడగండి: ఇందులో పెట్టిందంతా మూట కట్టుకుని బయటకు వెళ్ళగలమా?

నా సలహా వర్డ్‌ప్రెస్. డ్రూపల్ గట్టిది, యూనివర్సిటీలకు, సర్కారీ దఫ్తర్లకు సరిపోతుంది. ఒక ఘరానాకు అది గోరీ తవ్వడానికి బుల్డోజర్ తెచ్చినట్టు. జూమ్లా నేర్చుకోవచ్చు, కానీ ఇరుక్కుంటే అడగడానికి గూడూరులో మనిషి దొరకడు. మీడియావికీ పదిమంది కలిసి ఒకే పేజీ దిద్దేటప్పుడు బాగుంటుంది. బ్లాగర్ తేలిక, ముఫ్త్ కూడా, అయితే ఇల్లు గూగుల్‌ది. వర్డ్‌ప్రెస్‌లోనూ రెండు రకాలున్నాయి. డాట్ కామ్ కిరాయి ఇల్లు, వాళ్ళే చూసుకుంటారు. డాట్ ఆర్గ్ నుంచి తెచ్చుకుని సొంత హోస్టింగ్‌లో పెట్టుకుంటే గోడలు మనవి, స్థలానికి ఏడాదికోసారి అద్దె కట్టాలి, తాళాలూ మనమే వేసుకోవాలి. కొత్తవాళ్ళు మూడు నెలలు కిరాయి ఇంట్లో ఉండి, చేయి తిరిగాక మూట కట్టుకుని సొంతింటికి పోవడం మంచిది. ఎక్స్‌పోర్ట్ అనే మీట అందుకే ఉంది.

నేర్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 నుంచి రాసే బల్ల పూర్తిగా మారింది, అన్నీ బ్లాకులే. అంతకు ముందు వీడియో చూసి నేర్చుకుంటే మీ తెర మీద అందులో చెప్పిన మీటలు కనబడవు. మొదటి వారం రంగులు, థీములు ముట్టుకోవద్దు. పేజీకీ పోస్టుకూ తేడా పట్టుకోండి: నసబ్‌నామా పేజీ, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది. ఒక్కో ఖత్ ఒక్కో పోస్టు, దానికి తారీఖు ఉంటుంది. కేటగిరీలు నాలుగైదు మించొద్దు. లంకె చిరునామా తెలుగులో పెడితే పంపేటప్పుడు అది శాతం గుర్తుల పొడుగాటి తోక అవుతుంది, చిన్న ఇంగ్లిషు మాట పెట్టుకోండి. ప్లగిన్లు మిఠాయి దుకాణంలా ఉంటాయి, ప్రతిదీ ఒక తలుపు కాబట్టి ప్రతిదానికీ తాళం కావాలి. అప్‌డేట్లు వాయిదా వేయకండి.

అనూ ఫాంట్లలో డీటీపీ చేయించిన పాత పెళ్ళి పత్రికలు, సంస్మరణ సంచికలు అలాగే అతికిస్తే గంజే మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకోవాలి. ఉర్దూకు ఇంకో చిక్కు ఉంది. తెలుగు సైటులో ఉర్దూ పేరా పెడితే అక్షరాలు సరిగ్గానే వస్తాయి, కానీ మధ్యలో అంకెలో తెలుగు మాటో ఉంటే వరస తారుమారవుతుంది. ఆ పేరాను హెచ్‌టీఎంఎల్ బ్లాకులో పెట్టి దిశ 'ఆర్‌టీఎల్' అని చెప్పాలి. ఒకసారి చేసుకున్నాక దాన్నే నకలు చేసుకుంటూ పోవచ్చు.

చిల్లకూరులో ఒక ఘరానా ఈ పద్ధతిలోనే మొదలుపెట్టింది. ప్రతి ఖత్‌కు మూడు భాగాలు: పైన స్కాన్ చేసిన తస్వీర్, దాని కింద ఉర్దూ ఇబారత్, ఆ కింద తెలుగు తర్జుమా. ఇంగ్లిషు మీడియం పిల్లలు మూడోది చదువుతారు, రెండోది వెతకడానికి పనికొస్తుంది, మొదటిది అసలు అమానత్. పిల్లలకు 'కంట్రిబ్యూటర్' హోదా ఇచ్చారు. అంటే రాయగలరు, ప్రచురించలేరు. ప్రచురించేది పెద్ద ఫూఫీ. ఆమె చూశాకే ఏ ఖత్ అయినా బయటకు వెళ్తుంది. ఇంట్లో రహస్యాలుంటాయి కదా! ఎవరేం మార్చారో పాత రూపాలన్నీ సిస్టమ్ దాచిపెడుతుంది, కాబట్టి పిల్లలు పాడుచేస్తారన్న భయం లేదు.

వాళ్ళ పని ఆగుతున్నది కంప్యూటర్ దగ్గర కాదు. ఆ ఖత్‌లు శికస్తా రాతలో ఉన్నాయి. అది తడుముకోకుండా చదవగలిగినవాళ్ళు ఆ ఖాన్‌దాన్‌లో ఇద్దరే, ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు. వాళ్ళ ముందు ల్యాప్‌టాప్ పెట్టవద్దన్నాను. ఖత్ చేతికిచ్చి, ఫోనులో రికార్డింగ్ నొక్కి, చదవమనండి. టైపింగ్ తర్వాత చేసుకోవచ్చు. అసర్ తర్వాత చాయ్ తాగుతూ రోజుకు రెండు ఖత్‌ల చొప్పున చదువుతున్నారట, ఇప్పుడు 1960ల కట్ట విప్పారు.